సరిహద్దులు దాటిన చీటి
ఐరోపా పటముపై ఒక రైలుదారిని వ్రేలితో గీచి చూచినచో, ఒక్క పగటి ప్రయాణములోనే రెండు మూడు దేశములు దాటిపోవును. ప్రతి దేశమునకును రైల్వేలు వేరు, చార్జీల పట్టిక వేరు. రెండు మహాయుద్ధములలో ఈ పట్టాలమీదనే సైన్యములు నడచినవి. ఆ గాయములు మానుచున్న దినములలో, 1959లో, యూరెయిల్ పాసు వెలసినది. ఐరోపా వెలుపల నివసించువారికి అది 13 దేశముల రైళ్లను ఒక్క చీటితో తెరచినది. ఇక్కడినుండి వెళ్లు మనకు నేటికిని వర్తించునది అదియే. 1972లో అంతర్జాతీయ రైల్వే సమాఖ్య 50వ వార్షికోత్సవ సందర్భమున, 21 ఏండ్లు మించని ఐరోపా యువజనులకై ఇంటర్‌రెయిల్ పాసు పుట్టినది. తండ్రులు తుపాకులతో దాటిన ఎల్లలను బిడ్డలు భుజాన సంచితో దాటిరి.

అయితే పాసు చేత నున్నంతనే దారి సిద్ధమైనదని మనము తలపరాదు. అది ప్రయాణపు హక్కే గాని ఆసనము కాదు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయినులలోని వేగపు రైళ్లలో చోటును ముందుగా రిజర్వు చేసికొని, వేరుగా రుసుము చెల్లింపవలెను. పట్టాల వెడల్పు సైతము అన్నిచోట్ల ఒకటి కాదు: ఫ్రాన్సున 1435 మిల్లీమీటర్లు, స్పెయిను పాతమార్గములలో 1668. అందుచే సముద్రతీరమున ఆందాయ్, ఇరూన్ స్టేషన్లకడ ప్రయాణికులు బండి మారవలసివచ్చును. బార్సిలోనా వైపున మాత్రము 1435 కొలతతోనే వేగమార్గము పూర్తియై, 2013 డిసెంబరునుండి పారిస్ బండ్లు తిన్నగా నడచుచున్నవి.

కావున పాసు కొనుటకు ముందే ఏ సరిహద్దున దాటుదుమో నిర్ణయించుకొనుట మేలని మా మనవి.