ఇంటి మందు, కంపెనీ తూటా

దగ్గరికి జరగండి గుంటలూ. ఆ మోడు నెగడులోకి తొయ్యి నాయనా, మంచు దిగుతోంది. అటక మీద దొరికిన ఇత్తడి గుల్ల ఏటని పొద్దుటి నుంచి అడుగుతున్నారు కదా, చెప్తాను. అది తూటా గుల్ల. పన్నెండో నంబరు తుపాకీది. దాన్లో మందూ గుళ్ళూ మా పెద్దనాన్న తన చేత్తోనే కూరుకునేవాడు. దుప్పి వేటకి ఇంట్లో కూరిన తూటా మంచిదా, సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన కంపెనీ తూటా మంచిదా అని మా అరుగు మీద ఏళ్ళ తరబడి వాదన నడిచింది. అది ఎటు తేలిందో వింటే, మన కొండల్లో దుప్పులు ఎందుకు కరువయ్యాయో కూడా మీకు తెలుస్తుంది.

అప్పట్లో సాలూరు దాటితే అడవే. వేగావతి ఒడ్డు నుంచి పైకి వెళ్ళేకొద్దీ వెదురు, మద్ది, గుగ్గిలం. ఆ పైన జయపురం సంస్థానం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం కూడా మన విశాఖపట్నం జిల్లాలోదే. చుక్కల దుప్పులు మందలుగా తిరిగేవి. చీకటి పడితే కణుజులు, అంటే పెద్ద దుప్పులు, కందిచేలల్లోకి, చోడి మడుల్లోకి దిగేవి. కుక్కలా మొరిగే చిన్న జింక ఒకటుండేది. అది మొరిగిందంటే పులో చిరుతో తిరుగుతోందని పశువుల కాపరులు మందని మళ్ళించేవారు.

వేటలో కూడా అంతస్తులుండేవి. విజయనగరం, బొబ్బిలి, కురుపాం, సాలూరు జమీందార్లకి వేట ఓ ముచ్చట. 1936లో ఇంగ్లండు వెళ్ళిన మన దేశం క్రికెట్ జట్టుకి కెప్టెన్ అయిన విజ్జీ, అంటే విజయానంద గజపతిరాజు గారికి క్రికెట్టులో ఎంత పేరో పులుల వేటలోనూ అంత పేరు. అలాంటి వాళ్ళకి సీమ రైఫిళ్ళు, పెట్టెల కొద్దీ తూటాలు. కొండ మీద జాతాపులకీ, సవరలకీ, కొండదొరలకీ విల్లంబులు, లేదంటే బర్మారు. నడిమధ్యన మా పెద్దనాన్న లాంటి కాపులు. వాళ్ళ దగ్గర లైసెన్సు మీద కొన్న జోడు గొట్టాల తుపాకీ ఉండేది.

బర్మారుకి తూటా ఉండదు. మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసపు గుళ్ళు వేసి, మళ్ళీ పీచు కుక్కి ఇనప గజంతో దట్టించాలి. చిన్న పేలుడు టోపీ మీద సుత్తి పడితే పేలుతుంది. ఒకసారి పేలాక మళ్ళీ నింపేలోగా జంతువు కొండ దాటిపోతుంది. అందుకే బర్మారు వేటగాడు తొందరపడి కాల్చేవాడు కాదు. ఆ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పన్నెండో నంబరు సంగతి వేరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు సరిగ్గా ఎంత గొట్టంలో పడుతుందో, అదీ ఆ నంబరుకి అర్థం. దాన్ని నడుం దగ్గర విరిచి వెనక నుంచి తూటా వేస్తారు. కంపెనీ తూటాలంటే ఆ రోజుల్లో ఈలీ, కైనాక్. ఈలీ వాళ్ళు లండన్‌లో 1828 నుంచీ, కైనాక్ వాళ్ళు బర్మింగ్‌హామ్‌లో 1862 నుంచీ చేస్తున్నారు. తర్వాత రెండూ ఒకటయ్యాయి. అడుగున ఇత్తడి, పైన అట్టగొట్టం. ఎల్జీ, ఎస్జీ అని రకాలు. మామూలు ఎస్జీలో పెద్ద గుళ్ళు తొమ్మిది ఉంటాయి, దుప్పికి అదే వాడేవారు. స్వతంత్రం వచ్చాక సీమ సరుకు దొరకడం కష్టమైంది. తర్వాత్తర్వాత పూనా దగ్గర ఖడ్కీలో సర్కారు ఫ్యాక్టరీ చేసిన శక్తిమాన్ తూటాలు వచ్చాయి. ఎన్ని కొన్నామో దుకాణంవాడు లైసెన్సు పుస్తకంలో రాసి ఇచ్చేవాడు.

తూటా ఖరీదు మా ఇంటికి బరువే. అందుకే అట్ట లేకుండా మొత్తం ఇత్తడితోనే ఉండే గుల్లల్ని పెద్దనాన్న పేలాక కూడా పారేసేవాడు కాదు. వర్షాకాలంలో పొలం పని లేని సాయంత్రాలు చాప పరిచి కూచునేవాడు. పేలిపోయిన టోపీని సన్న చువ్వతో తోసి తీసేవాడు, కొత్తది నొక్కేవాడు. కొలత గిన్నెతో మందు, దాని మీద అట్టబిళ్ళ, ఆపైన మందపాటి ఉన్నిబిళ్ళ, గుళ్ళు, చివర మరో అట్టబిళ్ళ. ఆ బిళ్ళల్లోనే కిటుకంతా ఉంది. మందు పేలినప్పుడు పుట్టే గాలి గుళ్ళ పక్కనుంచి జారిపోకుండా వెనక నుంచి నెట్టేది ఉన్నిబిళ్ళే. అది వదులైతే గుళ్ళకి దెబ్బ ఉండదు. దీపం దూరంగా గూట్లో పెట్టేవారు. చుట్ట కాల్చేవాళ్ళని ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. మమ్మల్ని గడప దగ్గరే ఆపేసేవాడు.

ఆ పనిలో ప్రాణభయం కూడా ఉంది. పాత నల్ల తుపాకిమందుకి, మేం నల్లమందు అనేదానికి, గిన్నె కొలత చాలు. పొగ రాని కొత్త మందు వేరే జాతి, దాన్ని తూకం వెయ్యాలి. నల్లమందు గిన్నెతో కొత్త మందు పోస్తే గొట్టం చీలిపోతుంది. ఇనుమునీ ఉక్కునీ కలిపి మెలితిప్పి చేసిన పాత దమస్కస్ గొట్టాలు నల్లమందు కోసమే చేసినవి, కొత్త మందు ఒత్తిడికి ఆగవు. అలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ గురించి మా ఊళ్ళో కథలు కథలుగా చెప్పుకునేవారు.

ఇక వాదన సంగతి. పెద్దనాన్నది ఇంటి మందు పక్షం. “నా చేత్తో కూరింది నాకు తెలుసు. సీమలో ఎవడో కూరింది నాకేం తెలుసు? ఆషాఢం వస్తే ఆ అట్టగొట్టం చెమ్మకి ఉబ్బి తుపాకీలో దిగనే దిగదు. ఇత్తడికి ఆ బాధ లేదు” అనేవాడు. అందులో నిజముంది. మన గాలిలో చెమ్మ ఎక్కువ. ఉబ్బిన అట్టతూటాని గోళ్ళతో గీకి ఎక్కించడం నేను చూశాను. మా చిన్నాన్న పార్వతీపురంలో గుమస్తా, ఆయనది కంపెనీ పక్షం. “అన్నయ్యా, నువ్వు కూరింది ఈ వారం ఒకలా, పై వారం ఒకలా పేలుతుంది. కంపెనీది పెట్టెలో అన్నీ ఒక్కలాగే. జంతువు ముందు నిలబడ్డప్పుడు కావలసింది ఆ భరోసానే కదా” అనేవాడు.

ఓ మాఘమాసంలో ఆ వాదన తెగింది. పోడు గట్టున మంచె వేశారు. అమ్మవారి దయన వెన్నెల పిండారబోసినట్టుంది. పెద్ద కొమ్ముల కణుజు కందిచేలోకి దిగింది. పెద్దనాన్న కాల్చాడు. నల్లమందు పొగ ముందర తెరలా నిలబడిపోయి, జంతువు ఎటు పోయిందో కనబడలేదు. పొగ తేరాక చూస్తే చేలో కణుజు లేదు. కంది కొమ్మల మీద నెత్తురు.

మాతో జాడ తీసే జాతాపు పెద్దాయన ఉండేవాడు. “దెబ్బ లోపలికి దిగలేదు, బతికే ఉంది, ఒగ్గేసి పోకూడదు” అన్నాడు. నెత్తుటి బొట్టు, ఒరిగిన గడ్డి, రాయి మీద గిట్ట గీరిన గీత, వాటిని పట్టుకుని రాత్రంతా నడిచాం. తెల్లారాక గెడ్డలో దొరికింది. దెబ్బ తగిలిన జంతువు నీళ్ళు వెతుక్కుంటుంది. మెడ దాకా నీళ్ళలో పడుకుని ఉంది, లేవలేదు, మమ్మల్ని చూస్తూనే ఉంది. చిన్నాన్న ఇచ్చిన కంపెనీ తూటా వేసి పెద్దనాన్న దాని బాధ తీర్చాడు. మాంసం పోగులు వేసి ఊళ్ళో పంచారు. మా ఇంటి పోగు మాత్రం ఆయన ముట్టలేదు.

ఇంటికొచ్చి మిగిలిన తూటాలన్నీ విప్పాడు. కొన్నిటిలో మందు చెమ్మకి ముద్ద కట్టింది, కొన్నిటిలో ఉన్నిబిళ్ళ వదులైంది. ఆ రోజు నుంచి ఆయన పెట్టుకున్న నియమం ఇదీ: కౌజు పిట్టలకి ఇంటి మందు, దుప్పికి కంపెనీ తూటా. పిట్టకి మందు తగ్గితే ఎగిరిపోతుంది, అంతే. దుప్పికి తగ్గితే దాన్ని రోజుల తరబడి చంపినట్టే. జాడ తీసిన పెద్దాయన ఇంకో మాట చేర్చాడు. “ఏ తూటా అయితేనేం బాబూ, విల్లు పట్టినోడు వెళ్ళినంత దగ్గరికి వెళ్ళి కాల్చు.” ఎస్జీ గుళ్ళు నలభై గజాలు దాటితే చెదిరిపోతాయి. అంతకంటే దూరంలో కాలిస్తే తగిలేది గాయమే.

ఇంతటితో కంపెనీ తూటా గెలిచిందనుకోకండి. అసలు సంగతి తర్వాత జరిగింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందార్ల వేట అడవులకి కాపలా సడలింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జీపులు వచ్చాయి, బ్యాటరీ లైట్లు వచ్చాయి. రాత్రిపూట లైటు కళ్ళలో పడితే దుప్పి కదలదు. రెండు గొట్టాలు, జేబు నిండా తూటాలు, ఎన్నైనా కాల్చొచ్చు. బర్మారువాడికి ఒక్క దెబ్బే కాబట్టి ఆచితూచి కాల్చేవాడు. పెద్దనాన్నకి ఒక్కో తూటా ఓ సాయంత్రం కష్టం కాబట్టి దాచుకుని కాల్చేవాడు. జీపులో వచ్చినవాడికి ఆ లెక్క లేదు. పిల్లతల్లినీ కొట్టారు, చూడి దుప్పినీ కొట్టారు. ఈనే కాలంలో వేట ఆపించడానికి 1912 నాటి చట్టంలోనే వీలుంది. కొండ రాత్రుల్లో దాన్ని పట్టించుకున్నవాడు లేడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. లైసెన్సు మీద వేట కూడా 1991 సవరణతో పోయింది. అప్పటికి మా గట్టు మీద కణుజు కూత వినబడటం మానేసి చాలా ఏళ్ళైంది. పెద్దనాన్న చట్టం రాగానే తుపాకీ స్టేషనులో అప్పగించేశాడు. “ఆలస్యంగా వచ్చింది గానీ మంచి చట్టం” అన్నాడు.

నా తీర్పు అడిగితే ఇదీ. కంపెనీ తూటా ఒక్క దుప్పికి మేలు చేసింది, మందకి కీడు చేసింది. ఇంటి మందు మందని మిగిల్చింది గానీ ఒక్కో దుప్పిని హింసించింది. అసలు కావలసింది మనిషిలో నియమం. అది లేనప్పుడు ఏ మందు కూరినా అడవి ఖాళీ అవుతుంది.

ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాకి వెళ్తే భేత్‌నాయి, బాలిపదర్ ఊళ్ళున్నాయి. అక్కడ కృష్ణజింకలు పంట మేస్తున్నా రైతులు రాయి విసరరు. జింకలుంటే వానలు పడతాయని తాతల నాటి నమ్మకం. ఏ తూటా మంచిదన్న వాదన అక్కడ పుట్టనే లేదు. మందలు ఇప్పటికీ పొలాల్లో తిరుగుతున్నాయి.

మన వైపు ఇంకా కొందరు ఉచ్చులు పెడుతున్నారు, కరెంటు తీగలు లాగుతున్నారు, పిండిలో నాటు బాంబులు దాస్తున్నారు. మా కాలపు ఇంటి మందు కంటే అది వందరెట్లు పాపం. రేపు మీరు పెద్దవాళ్ళయ్యాక ఎవరైనా చాటుగా దుప్పి మాంసం తెచ్చి పోగు పెడతానంటే వద్దనండి. తిన్నా నేరమే, దాచినా నేరమే. ఉచ్చు కనబడితే ఫారెస్టు వాళ్ళకి బేగి చెప్పండి. మా తరం కాల్చినంత కాల్చింది. మిగిలినవాటిని కాపాడే పని మీది.