మలేరియా పరీక్షాపట్టీ యాంటీబాడీలు – బస్తర్

బస్తర్ గూడేల్లో మలేరియాను పట్టిచ్చే పరీక్షాపట్టీకి ప్రాణం మోనోక్లోనల్ యాంటీబాడీలు. చిట్టెలుకకు పరాన్నజీవి ప్రోటీన్‌ను ఎక్కించి, దాని ప్లీహంలోని బి-కణాలను క్యాన్సర్ కణాలతో కలుపుతారు. అలా పుట్టిన హైబ్రిడోమా ఒకే రకం యాంటీబాడీని ఆగకుండా తయారుచేస్తుంది. 1975లో ఈ పద్ధతిని కనిపెట్టిన కోలర్, మిల్‌స్టైన్‌లకు 1984లో నోబెల్ దక్కింది.  

వేలికొన మీద చిన్న పోటు, పట్టీపై ఒక నెత్తుటి బొట్టు, పక్కన కొన్ని చుక్కల ద్రావణం. ఫాల్సిపారం పరాన్నజీవి విడిచే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్ రక్తంలో ఉంటే, రంగు రేణువులు అంటించిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుని పైకి పాకుతాయి. గీత దగ్గర కాచుకున్న మరో యాంటీబాడీ వాటిని ఆపేస్తుంది. 15–20 నిమిషాల్లో గీత తేలుతుంది. కరెంటు, సూక్ష్మదర్శిని అక్కర్లేదు. అడవి పల్లెలకు ఇది నిజంగా పెద్ద ఊరట.

2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్’లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, జ్వరం లేనివారికీ ఈ పరీక్ష చేశారు. పైకి ఆరోగ్యంగా కనిపించేవారి రక్తంలోనూ పరాన్నజీవి దాగి ఉంటుంది కనుక ఇది సరైన నిర్ణయం. తెలుగు వినిపించే కోంటా ఉన్న సుక్మా జిల్లా కూడా ఇందులో ఉంది.

అయితే ఈ పట్టీకి పరిమితులూ ఉన్నాయి. జబ్బు నయమయ్యాక కూడా హెచ్‌ఆర్‌పీ2 కొన్ని వారాలు రక్తంలో నిలుస్తుంది. ఆ ప్రోటీన్ జన్యువే లేని పరాన్నజీవులను ఈ గీత చూపలేకపోవచ్చు.