క్షయ రోగి, నలుగురి చేయి



1962లోనే జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలైనా, నడుమ మందు మానేసే రోగులెందరో. 1997 నుంచి సవరించిన పద్ధతి వచ్చింది. 2006 మార్చి నాటికి దేశమంతటికీ విస్తరించింది. ల్యాబ్ టెక్నీషియను కఫం పరీక్షిస్తే, డాక్టరుగారు రోగం నిర్ధారించేవారు. ఫార్మసిస్టు రోగి పేరిట పూర్తి కోర్సు మందుల పెట్టె ఉంచేవారు. ఏ.ఎన్.ఎం. ఎదురుగా నిలబడి మింగించేది.

నేను గుమాస్తాగా ఉన్నచోట, కార్డులో ఖాళీ గడి కనబడితే ఆమెకు చెప్పడం నా వంతు. నూజివీడు మామిడి కోతల్లో ఒక తోట కాపలాదారు రావడం మానేశాడు. వారం రోజులు నేను గమనించలేదు. ఆమే ఆరా తీసి, తోటకెళ్లి, చెట్టుకింద మాత్రలు మింగించింది. రోగం నయమైంది.

మరుసటి వేసవిలో అతడు చిన్నరసాల బుట్టతో వచ్చి అందరికీ పంచాడు. నా పండు సిగ్గుతోనే అందుకున్నాను. వైద్యంలో గుమాస్తా కలానికీ బాధ్యత ఉందని ఆనాడే తెలిసింది.