గుడియాత్తం ఓట్లు

1953లో రాజాజీగారి ప్రభుత్వము మద్రాసు రాష్ట్రపు పల్లె బళ్ళలో ఒక పూట చదువు, రెండవ పూట తండ్రి చేయు పని అను పద్ధతి పెట్టెను. దానిని రద్దు చేయవలెనను తీర్మానమునకు జూలై 29న శాసనసభలో అటు 138, ఇటు 138 ఓట్లు పడినవి. అమలు నిలిపి నిపుణులకు చూపవలెనను రెండవ తీర్మానము 139–137తో నెగ్గినది. ఆంధ్ర రాష్ట్రము అప్పటికింకను ఏర్పడలేదు గనుక మన తెలుగు జిల్లాల సభ్యులును ఆ సభలోనే యుండిరి.

గుడియాత్తం ప్రక్క పల్లెలో మా చిన్నతాతగారు అప్పుడు బడిపిల్లవాడు. కొన్ని మధ్యాహ్నములు మగ్గము గుంటలోనే గడచెనట.

1954 ఏప్రిల్‌లో కామరాజ్‌గారు ముఖ్యమంత్రియైరి. మే నెలలో ఆ పద్ధతి పోయినది. ఆయన అప్పుడు లోక్‌సభ సభ్యులే గాని శాసనసభ్యులు కారు. రాజాజీగారు 1952లో గవర్నరు నియామకముతో మండలికి వచ్చిరి. అంత సులువైన త్రోవ ఉండగా, కామరాజ్‌గారు నేతవారు, బీడీ పనివారు గల గుడియాత్తంలో ఉపఎన్నికకు నిలిచి, కమ్యూనిస్టు అభ్యర్థి కోదండరామన్‌గారిని ఓడించిరి. కాంగ్రెసుకు బద్ధవిరోధులైన ద్రావిడ పక్షములవారు ఆయనకే మద్దతిచ్చుట ఆనాటి వింత! 1957లో ఆయన సాత్తూరునకు మారిరి.

చిన్నతాతగారు మాత్రము రెండు పూటలు చదివి, పోస్టుమానైరి.