వస్తువులకు మన మీద పగ ఉందా?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మన సామెత. మన తప్పు వస్తువు మీదికి తోసేయడం మనకి పాత అలవాటే. మరి వస్తువే సతాయిస్తే? అప్పుడు పక్కనున్న మనిషిని పట్టుకుంటాం. నా గొడవంతా ఈ రెండో అలవాటుతోనే.

చెప్పులో దూరిన రాయికి, చెవి దగ్గర చేరిన జోరీగకి పద్యంలో చోటిచ్చినవాడు వేమన. సి.పి. బ్రౌన్ 1829లో మద్రాసులో ఆయన పద్యాలని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. ఆ రాయిని శనిదేవుడు పంపించాడని వేమన అనలేదు, గమనించండి. రాయి రాయే. చెప్పు విప్పి దులుపుకోవాలి.

1948లో పాల్ జెన్నింగ్స్ అనే ఇంగ్లీషు హాస్య రచయిత, వస్తువులన్నీ మనిషి మీద కక్ష కట్టాయని చెప్పే ఒక ఉత్తుత్తి తత్వశాస్త్రాన్ని 'స్పెక్టేటర్' పత్రికలో ప్రవేశపెట్టాడు. సార్త్ర్ అస్తిత్వవాదం మీద విసురు అది. మరుసటేడు అమెరికా వైమానిక దళంలో కెప్టెన్ ఎడ్వర్డ్ మర్ఫీ తెచ్చిన కొలత పరికరాలని తిరగేసి బిగించడంతో ప్రయోగం వృథా అయిందట. మర్ఫీ సూత్రం పుట్టింది అక్కడే అంటారు. జనం దాన్ని తలరాతగా మార్చేసుకున్నారు గానీ, ఇంజనీర్లు నేర్చుకున్నది వేరు: తప్పుగా బిగించడానికి వీల్లేకుండా తయారుచెయ్యి అని.

ఇక పైజమా బొందు. విప్పుదామంటే ముడి పడుతుంది, కడదామంటే లోపలికి పారిపోతుంది. పారిపోవడం సంగతి మీరే పిన్నీసుతో తేల్చుకోండి, ముడి సంగతి మాత్రం 2007లో కాలిఫోర్నియాలో రేమర్, స్మిత్ అనే ఇద్దరు తేల్చారు. దారాన్ని పెట్టెలో వేసి వేల సార్లు తిప్పి చూశారు. పొడుగ్గా, మెత్తగా ఉన్న దారం సెకన్లలోనే ముడిపడింది. పొట్టి దారం పడలేదు. పగా లేదు, దిష్టీ లేదు. వెన్న రాసిన రొట్టె వెన్న వైపే ఎందుకు బోర్లా పడుతుందో 1995లో రాబర్ట్ మాథ్యూస్ లెక్క కట్టాడు. మనం వాడే బల్ల ఎత్తు నుంచి జారితే అది సగం తిరిగేసరికే నేల వచ్చేస్తుంది. అంతే. ఈ రెండు పరిశోధనలకీ ఇగ్ నోబెల్ బహుమతులు వచ్చాయి. నవ్వించి, ఆనక ఆలోచింపజేసే పనికి ఇచ్చే బహుమతి అది.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సామాను పోయినా పాడైనా నష్టాల పట్టీలో కారణం రాయాలి: దొంగతనమా, మోసమా, నిర్లక్ష్యమా, లేక ఇంకేదైనానా అని. "ఉదయం ఎదురొచ్చిన మనిషి" అని రాసిన పట్టీ ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. ఇళ్లల్లో మాత్రం ఆ పట్టీ ఇంకా నడుస్తోంది. పాలు పొంగినా, కుక్కర్ విజిల్ రాకపోయినా "పొద్దున్నే ఎవరి మొహం చూశానో" అంటాం. నవ్వుతూనే అంటాం. కానీ ఆ మొహం ఎక్కువసార్లు వితంతువుది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆవిడ ఎదురొస్తే బండి ఆపే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు.

మా బేర్ సరాయ్‌లో సివిల్స్‌కి చదివే తెలుగు కుర్రాళ్లు అద్దె గదుల్లో ఉంటారు. ఒక చలికాలం పొద్దున ఒకడి తాళం తెరుచుకోలేదు. మెట్లు తుడుస్తున్న ఇంటావిడని చూసి ఆ మాటే అన్నాడు, తెలుగులో. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. వాడి మాట ఆవిడకి అర్థం కాలేదు. "ఆగు బేటా" అని లోపలికెళ్లి, చిన్న గిన్నెలో ఆవనూనె తెచ్చి రెండు చుక్కలు తాళంలో వేసింది.

తాళం వచ్చింది.