పేరులోని గులాబి, పెరటిలోని గులాబి: పశ్చిమ కర్నూలు నేపథ్యంలో రకాల గుర్తింపు సమస్య

తైమూరు వంశీయుడైన షారూఖ్ రాయబారిగా అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరాన్ని దర్శించాడు. అప్పటి పాలకుడు రెండవ దేవరాయలు. నగరంలో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతారనీ, అక్కడి ప్రజలకు అవి ఆహారమంత అవసరమనీ అతడు రాశాడు. ఆదోని దుర్గం విజయనగర రాజ్యంలోనిదే. ఆదోని, ఎమ్మిగనూరు, మద్దికెర ప్రాంతాలు హంపికి తూర్పున ఉన్నాయి. అందువల్ల ఈ సీమలో గులాబి సాగుకు ఆరు వందల ఏళ్ల చరిత్ర ఉందని ఈ ఒక్క సాక్ష్యం ఆధారంగా చెప్పాలనిపించడం సహజం. అయితే ఆ గులాబి ఏ గులాబి అన్న ప్రశ్నకు సమాధానం దొరికితే తప్ప ఆ మాటకు బలం రాదు.

చిక్కు మాటలోనే మొదలవుతుంది. పారశీకంలో ‘గుల్’ గులాబీకీ చెల్లుతుంది, సామాన్యంగా పూవుకూ చెల్లుతుంది. ‘గులాబ్’ అంటే నిజానికి పూవు కాదు, పన్నీరు. ‘ఆబ్’ నీరు. నీటి పేరు పూవుకు సంక్రమించి, దక్కనీ ఉర్దూ వాడుక ద్వారా తెలుగులో ‘గులాబి’గా స్థిరపడింది. సంస్కృత వైద్య నిఘంటువుల్లోని ‘శతపత్రి’, ‘తరుణి’ పదాలను వ్యాఖ్యాతలు గులాబీకి అన్వయిస్తారు. తెలుగు పాఠకుడికి శతపత్రం అనగానే తామర స్ఫురిస్తుంది. హిందీలో ‘సేవతీ’ తెల్ల గులాబి. మన సేవంతి చేమంతి. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాజప్రాసాదంలోని దంతపు గదిలో గులాబీలూ తామరలూ చెక్కి ఉన్నాయని వర్ణించాడు. అవి గులాబీలే కావచ్చు, గుండ్రని అలంకారాలూ కావచ్చు. ఇలాంటి ప్రస్తావనలన్నిటినీ పోగుచేసి గులాబి చరిత్రగా చూపడం పరిశోధన అనిపించుకోదు.

పదం తేల్చని విషయాన్ని మొక్క స్వభావం కొంత తేల్చగలదు. పన్నీరుకూ అత్తరుకూ పేరుపొందిన డమాస్క్ గులాబి ప్రధానంగా ఏడాదికొకసారి, వసంతంలో పూస్తుంది. 2000లో జపాన్ పరిశోధకులు జన్యు పరీక్ష ద్వారా దీని పూర్వికులు గాలికా, మోస్కాటా, ఫెడ్చెంకోవానా అనే మూడు జాతులని నిరూపించారు. చైనా గులాబి తీరు వేరు. అది రుతువుతో పనిలేకుండా మళ్లీ మళ్లీ పూస్తుంది. రజాక్ చెప్పినట్లు గులాబి నిత్యావసరమే అయితే, ఒక్క రుతువులో పూసే మొక్క ఆ అంగడిని ఏడాది పొడవునా నింపజాలదు. అతడి మాటలో అతిశయోక్తి ఉండాలి, లేదా మళ్లీ మళ్లీ పూసే రకమేదో తోటల్లో ఉండాలి, లేదా ‘గుల్’ పలు పూలకు చెల్లి ఉండాలి. ఇందులో మూడవది బలహీనమైనదని కొట్టివేయడానికి తగిన కారణం లేదు.

ఇప్పుడు దక్షిణాదిన దండలకు వాడే సువాసన గల ‘ఎడ్వర్డ్’ గులాబీని ఆ కాలానికి అంటగట్టడం మాత్రం పొరపాటే. ఎడ్వర్డ్ అనగానే బ్రిటిష్ రాజు తలపుకు వస్తాడు. ఉద్యానశాస్త్రం ఈ రకాన్ని బూర్బన్ వర్గంలో చేర్చింది. హిందూ మహాసముద్రంలోని బూర్బన్ ద్వీపంలో, అంటే నేటి రీయూనియన్‌లో, పొలాల కంచెలుగా నాటిన చైనా, డమాస్క్ గులాబీల సంకరం వల్ల కొత్త మొక్క పుట్టిందనీ, ఎదువార్ పెరిషోన్ అనే స్థానికుడి పేరు దానికి దక్కిందనీ ప్రచారంలో ఉన్న కథనం. 1817లో ఆ ద్వీపానికి వచ్చిన వృక్షశాస్త్రవేత్త బ్రేయోఁ దాన్ని గమనించి విత్తనాలు ఫ్రాన్సుకు పంపాడు. ‘ఎదువార్’ ఆంగ్లోచ్చారణలో ఎడ్వర్డ్ అయిందనుకోవడం సమంజసం. అంటే మనం ‘నాటు’ అని పిలుస్తున్న గులాబి వయస్సు సుమారు రెండు శతాబ్దాలే.

ఇరవయ్యవ శతాబ్దంలో పేర్ల సమస్య మరో రూపం దాల్చింది. 1955 నుంచి గులాబి రకాల అంతర్జాతీయ నమోదు బాధ్యతను అమెరికన్ రోజ్ సొసైటీ వహిస్తోంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ బి. పి. పాల్ స్వయంగా ‘రోజ్ షర్బత్’, ‘ఢిల్లీ ప్రిన్సెస్’ వంటి రకాలను సృష్టించి, 1966లో భారతదేశపు గులాబీలపై గ్రంథం వెలువరించాడు. కానీ ఈ నమోదు వ్యవస్థ అంగడి పూలను పెద్దగా తాకలేదు. తమిళనాడు ఉద్యాన గ్రంథాలు విడిపూల రకాల్లో ఎడ్వర్డ్ పక్కన ‘ఆంధ్రా రెడ్’ను పేర్కొంటాయి. ఆ పేరు మొక్క వంశాన్ని చెప్పదు, అది వచ్చిన దిక్కును మాత్రమే చెబుతుంది.

వేడి నేలలకు తగిన గులాబి కోసం జరిగిన ప్రయత్నంలోనూ ఆంధ్రప్రదేశ్‌కు చోటుంది. రాష్ట్ర ఐఏఎస్ అధికారి ఎం. ఎస్. వీరరాఘవన్ 1980లో ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో సంకరణకు పూనుకున్నాడు. చలిదేశాల కోసం రూపొందిన రకాలకు బదులు మణిపూర్ కొండల్లోని రోసా జైగాంటియా, బెంగాల్ చిత్తడి నేలల్లోని రోసా క్లైనోఫిల్లా జాతులను ఎంచుకున్నాడు. అతడు పెంచిన పసుపుపచ్చ తీగ గులాబీకి హైదరాబాదులోని సరోజినీ నాయుడు ఇంటి పేరు, ‘గోల్డెన్ త్రెషోల్డ్’, పెట్టాడు.

మద్దికెర వంటి ఊరి పెరటిలో గుర్తింపు మరింత కష్టం. వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. నల్లరేగడి నీరు పట్టి ఉంచుతుంది. నేలలో క్షారం ఎక్కువైతే ఇనుము అందక లేత ఆకులు పసుపు బారతాయి. నర్సరీ మొక్కల్లో చాలావరకు కన్ను అంటు కట్టినవే. ఎండకు పైకొమ్మ చచ్చి, అంటుకు దిగువన వేరుమూలం నుంచి పిలక లేస్తుంది. ఆ పిలక పూసినప్పుడు, తెచ్చిన గులాబీయే ‘నాటు’గా మారిపోయిందని యజమాని అనుకుంటాడు. మారింది రకం కాదు, మొక్కే వేరు. ఏడు పత్రకాలుంటే అడవి గులాబి అన్న నమ్మకం కూడా నిలవదు. ఆధునిక రకాల్లోనూ ఏడు కనిపిస్తాయి. వేరుమూలం మల్టీఫ్లోరా అయితే ఆకు తొడిమ మొదట్లోని పత్రపుచ్ఛాల అంచు కుచ్చులా చీలి ఉంటుంది. ఉత్తర భారతంలో ఎడ్వర్డ్‌నే వేరుమూలంగా వాడటం పరిపాటి కనుక, పాత తోటలో కనిపించే ఎడ్వర్డ్ పొద ఒకరు కోరి నాటిందా, ఇంకో గులాబి చచ్చాక మిగిలిందా అన్నది చూడాలి. అంటు గాటు నేలమట్టానికి ఎక్కడుంది, పిలక ఎక్కడ పుట్టింది, ఏయే నెలల్లో పూసింది అన్న మూడు వివరాలను క్షేత్రపరిశీలకుడు రాసుకోకపోతే, ఆ పొదకు ఊరివారు చెప్పే పేరు రజాక్ ‘గుల్’ లాగానే అస్పష్టంగా మిగులుతుంది.