అసలే అతుకుల బొంత

1961లో కరోల్ షెల్బీ చేతిలో కారూ లేదు, ఇంజనూ లేదు. రెండేళ్ల కిందట లెమాన్స్ 24 గంటల పందెం గెలిచిన ఈ టెక్సాస్ మనిషి గుండెజబ్బు వల్ల పందాలకు దూరమయ్యాడు. అదే సమయంలో ఇంగ్లండులోని థేమ్స్ డిట్టన్‌లో ఏసీ అనే చిన్న కంపెనీకి ఇంకో చిక్కు వచ్చిపడింది. వాళ్ల ‘ఏస్’ కారుకు ఇంజన్లు ఇచ్చే బ్రిస్టల్ వాళ్లు ఇక ఆ ఇంజన్ చేయబోమన్నారు. అమెరికాలో ఫోర్డ్ దగ్గర తేలికపాటి కొత్త వీ8 ఇంజన్ ఉంది గానీ, షెవర్లే వాళ్ల కోర్వెట్‌ను ఓడించే కారు లేదు. షెల్బీ పెళ్లిళ్ల పేరయ్య అవతారమెత్తి, ఇద్దరికీ ముడి వేశాడు.

1962 ఫిబ్రవరిలో మొదటి కారు ఇంజన్ లేకుండా లాస్ ఏంజెలెస్‌లో దిగింది. ఒక మిత్రుడి షెడ్డులో కొన్ని గంటల్లోనే ఫోర్డ్ ఇంజన్ బిగించేశారు. పేరు కోబ్రా. ఉన్నది ఒక్కటే కారు. పత్రికల వాళ్లు నడిపి చూసేందుకు అడిగినప్పుడల్లా రంగు మార్చి ఇచ్చేవారు, చాలా కార్లు తయారయ్యాయని చదువరులు అనుకునేలా!

1967 నాటికి ఉత్పత్తి ఆగింది. అంతా కలిపి దాదాపు వెయ్యి కార్లు. ఆ మొట్టమొదటి కారు 2016 వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. అంత డబ్బు ఎవరి దగ్గరుంది? ఆ వంపుల మీద మోజు మాత్రం అందరికీ ఉంది. ఒక్క అచ్చు తీసుకుంటే ఫైబర్‌గ్లాస్‌తో ఎన్ని బాడీలైనా పోయొచ్చు. నకళ్ల వ్యాపారం అలా పుట్టింది.

ఇక ఏ నకలు ఎంచుకోవాలన్నది కొనేవాడి తలనొప్పి. 1995లో మసాచుసెట్స్‌లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ అనే కంపెనీ కారును విడిభాగాలుగా పెట్టెల్లో పంపింది. పాత ఫోర్డ్ ముస్టాంగ్ ఒకటి కొని, దాని ఇంజన్, గేర్‌బాక్సు పీకి ఇందులో బిగించుకోవాలి. చట్రం వాళ్ల సొంతం, పాత కోబ్రాది కాదు. సూపర్‌ఫార్మెన్స్ అనే ఇంకో కంపెనీ దారి వేరు. దక్షిణాఫ్రికాలోని అప్పటి పోర్ట్ ఎలిజబెత్ నుంచి రంగు, సీట్లతో సహా అన్నీ అమర్చిన కారు వచ్చేది, ఒక్క ఇంజన్ తప్ప. ఇంజన్ కూడా పెట్టి పంపితే అప్పట్లో కొత్త కార్ల భద్రతా చట్టాలన్నీ మెడకు చుట్టుకునేవి మరి.

నాకు ఆసక్తి మూడో వాళ్ల మీద. యూటాలోని కర్కమ్ సోదరులు ఫైబర్‌గ్లాస్ వద్దనుకుని, అసలు కారులా అల్యూమినియమే కావాలన్నారు. వాళ్ల వెతుకులాట పోలెండులోని మీలెట్స్‌లో ఆగింది. ఒకప్పుడు మిగ్ యుద్ధవిమానాలు చేసిన ఫ్యాక్టరీ అది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి ఆర్డర్లు పోయాయి. రేకును సుత్తితో మలిచే చేతులు మాత్రం మిగిలాయి. అమెరికా మీదికి లేవాల్సిన విమానాలు చేసిన చోట అమెరికా కలల కారు తయారైంది.

‘అసలుకు ఏది దగ్గర?’ అని అడిగేవారికి నా ఎదురు ప్రశ్న ఒకటే: ఏ అసలు? ఇంగ్లీషు ఒంట్లో అమెరికన్ గుండె పెట్టిందే కదా కోబ్రా. ఆ లెక్కన చేతికి గ్రీజు అంటించుకుని ముస్టాంగ్ ఇంజన్ బిగించుకునేవాడే షెల్బీకి దగ్గరి చుట్టమని నా అభిప్రాయం. షెల్బీ ఒప్పుకోలేదు లెండి. ఆ ఆకారం తనదేనంటూ నకలు చేసేవాళ్ల మీద కోర్టుకెక్కాడు. తర్వాత సూపర్‌ఫార్మెన్స్‌కు ఆయన సంస్థే లైసెన్సు ఇచ్చింది.

కర్కమ్ కార్లు కొన్నవాళ్లలో కొందరు రంగే వేయించరు. అల్యూమినియాన్ని మెరుగు పట్టించి, అలాగే వదిలేస్తారు. 1962లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ మొదటి కారు కూడా రంగు లేకుండానే దిగింది.